మూడు కుట్ల గుర్తు

త్రికోణంలో ఏం ప్రత్యేకత ఉందని రిజిస్ట్రీవాళ్లు అడిగారు. అడగరా మరి! మూడు గీతలు కలిస్తే త్రికోణం. బడికెళ్లే ప్రతి పిల్ల నోటుపుస్తకంలోనూ ఉంటుంది. గుండ్రం నాది, చదరం నాది, అడ్డగీత నాది అని ఎవరికి వారు రాయించుకుంటూ పోతే మిగతావాళ్లు ఏం గీసుకుని బతకాలి? "ఇది మామూలు ఆకారం, దీనికి విలక్షణత లేదు. ఈ గుర్తు చూడగానే జనానికి మీ వ్యాపారమే గుర్తొస్తుందని రుజువులు తెస్తే అప్పుడు పరిశీలిస్తాం" అని రెండు పేజీల ఉత్తరం రాసి, ఆదివారం దాకా గడువిచ్చారు.

ఆ ఉత్తరాన్ని పాండురంగ గారు బుధవారం పొద్దున్నే తెచ్చి శరణ్య బల్ల మీద పెట్టారు. ఆయనది అరబ్బుల దేశంలో, మనామాలో, ట్రేడ్‌మార్కులు రిజిస్టరు చేయించే ఆఫీసు. రాజమండ్రి మనిషి, గొంతు పెంచి ఎరగడు. శరణ్య తణుకు పిల్ల. లా చదివి, ఆయనిచ్చిన వీసా మీద వచ్చి మూడేళ్లు దాటింది.

"మామీర్‌లో లాండ్రీ అమ్మా. కొత్తగా అమ్వాజ్‌లో నాలుగు బ్రాంచీలు తెరుస్తున్నారు. బోర్డుల మీద ఆ త్రికోణమే పెట్టుకుంటారట. పాత ఖాతాదారులు ఓ తొమ్మిది, పదిమంది దగ్గర సంతకాలతో స్టేట్‌మెంట్లు పట్టుకురా. ఈ గుర్తు చూస్తే మీకేం గుర్తొస్తుంది అని అడుగు, చెప్పింది రాసుకో. అంతే."

అంతే అన్నారు కదా అని శరణ్య కారు తీసుకుని బయల్దేరింది.

లాండ్రీలో అడుగుపెట్టగానే ఆవిరి మొహానికి కొట్టింది. గోడ వారగా ఎనిమిది మిషన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆ రొదలో మేనేజరు రామ్‌ప్రసాద్ ఏదో అరిచి, చెయ్యి చాపి వెనక్కి చూపించాడు. వెనక కిటికీ దగ్గర చెక్కబల్ల, దాని ముందు సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆయనే లింగన్న.

ఒక తెల్లటి తోబ్‌ను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడాయన. అరబ్బులు మెడ నుంచి మడమల దాకా వేసుకునే చొక్కా అది. కాలరు దగ్గర చెమట చార మీద బొటనవేలు పెట్టి రాశాడు, వాసన చూశాడు, సబ్బు అద్ది చిన్న బ్రష్షుతో దారం పోగు ఎటుంటే అటే తోమాడు. అడ్డంగా తోమలేదు. పక్కన ఇస్త్రీ అయిన ఇంకో తోబ్ తీసి, కాలరు లోపలివైపు తిప్పి, ఎర్ర దారం ఎక్కించిన సూదితో మూడంటే మూడే కుట్లు వేశాడు. మూడో కుట్టు మొదటి కుట్టు పుట్టిన చోటికే వచ్చి ఆగింది. సెనగగింజంత త్రికోణం. దారం కొస లోపలికి దోపేసి, వేలితో నొక్కి చూశాడు.

"ముడి వెయ్యరాండీ?" అంది శరణ్య.

తెలుగు మాట వినబడేసరికి లింగన్న చటుక్కున తలెత్తాడు. మొహమంతా నవ్వయింది.

"మనోళ్లేనా మేడం! ముడి ఎందుకేస్త? ముడేస్తే మెడకు కుచ్చుకుంటది. రెండు కుట్లయితే ఊడుతది, నాలుగైతే దారం దండుగ. మూడేస్తే దానంతటదే బిగుసుకుంటది."

"మేడం ఏంటండీ, మా నాన్న వయసు మీది."

"అయితే బిడ్డా అంట. కూసో, గా డబ్బా మీద కూసో, కడిగిందే."

ఆ గుర్తున్న బట్ట మిషన్‌లో పడదట. లింగన్న చేతి మీదుగానే పోవాలి. పెద్ద కఫీల్, అంటే లాండ్రీ పాత యజమాని, బతికున్నప్పుడు ఆయన తోబ్‌లు వేరుగా పెట్టడానికి మొదలెట్టింది, చూసినవాళ్లు మాక్కూడా అదే కుట్టమని అడిగారట. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఆయన చెబుతుంటే శరణ్య గబగబా రాసుకుంది. ఇంకేం కావాలి! గుర్తుకు విలక్షణత పుట్టడమంటే ఇదే కదా.

"మా ఊర్ల మా అవ్వ దుర్గవ్వకు ఎనభై ఇండ్ల గుర్తులు నోటికుండె," అన్నాడు లింగన్న ఇంకో తోబ్ అందుకుంటూ. "నల్లజీడి రసంతోని పెడుతుండె. పటేలోళ్లకు రెండు గీతలు, సాలోళ్లకు చుక్క, బడి పంతులుకు గీత కింద చుక్క. చదువు రాదు గని ఒక్క చీర అటిటు కాలే. మేం చాకలోళ్లం బిడ్డా, ఊరందరికి గుర్తులు పెడ్తం గని మాకు పెట్టుకోం. మా బట్టలు ఎవరుతుకుతరు చెప్పు? గీ దేశం వచ్చినంక నాకూ ఒకటి అయింది." అని సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

తర్వాత ఆయన చెప్పిన సంగతి శరణ్య రాసుకోలేదు. అరవై నిండాయి, నెలాఖరుకు ఖలాస్, ఇంటికి పంపించేస్తున్నారు. కూతురు మల్లిక ఆర్మూరులో లాండ్రీ దుకాణం పెడుతోంది. బోర్డు మీద ఈ మూడు కుట్ల గుర్తే వేయించమని చెప్పాడు. ఇంటికిపోయినా చేతులు ఊరుకోవుగా, బిడ్డ పక్కన కూర్చుని చీరలకు ఇదే కుట్టుకుంటాడు.

"రామ్‌ప్రసాద్ భాయ్ చెప్పిండు, గీ గుర్తుకు ఈడి సర్కారు ముద్ర పడ్తదట గదా? పోయేముందు గింత మర్యాద చేస్తున్నరు నాకు. మల్లికకు చెప్తే నమ్ముతలేదు."

శరణ్య పెన్ను ఆగింది. ముద్ర మీకు కాదండీ, కంపెనీకి అని అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు ఖాతాదారుల ఇళ్లకు దారి చూపించాల్సింది ఈయనే, ఇప్పుడీయన మొహం మాడ్చుకుంటే పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. "అవునండీ, పడుతుంది," అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు. మనం పని జరుపుకునే మాటలన్నీ ఈ రకంవే కదా.

గురువారం పొద్దున ఎనిమిదికల్లా లింగన్న పనివాళ్ల క్యాంపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లేత నీలం చొక్కా, చేతుల మీద మడత కత్తిలా ఉంది. కారెక్కాడు గానీ వీపు సీటుకు ఆనించలేదు.

"ఆనుకోండి బాబాయ్, గంట ప్రయాణం."

"నలుగుతది బిడ్డా. పెద్దోళ్ల ఇండ్లకు పోతున్నం."

అమ్వాజ్‌లో మొదటి ఇల్లు అబూ ఖలీల్ అనే రిటైరైన స్కూలు మాస్టారిది. తలుపు తీసి శరణ్యను చూసి ఎవరన్నట్టు కనుబొమలెత్తి, వెనక లింగన్నను చూడగానే "లింగూ!" అని చేతులు చాచాడు. ఖర్జూరాలు, గావా అనే అరబ్బు కాఫీ వచ్చాయి. లింగన్న సోఫా అంచున కూర్చుని, కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. శరణ్య త్రికోణం బొమ్మ చూపించి, ఇది చూస్తే ఏం గుర్తొస్తుందని ఇంగ్లీషులో అడిగింది.

ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వాడాయన. "ఇది లింగు. ఈ గుర్తుంటే నా బట్ట లింగు చేతిలో పడిందని అర్థం. లేకపోతే తిప్పి పంపించేస్తాను." అలాగే రాసి కింద సంతకం చేశాడు.

అవాలిలో ప్రమీల గారని, ఆయిల్ కంపెనీ ఇంజనీరు భార్య. గుంటూరు వాళ్లు. పట్టుచీరలు లింగన్నకు తప్ప వేయదు. "లాండ్రీ పేరా? ఏదో ఉందమ్మా, బిల్లు మీద చూడాలి. నాకు తెలిసింది ఈ ఎర్ర బొట్టూ, లింగన్నా. మా అమ్మ చీర మీద పసుపు మరక పడితే మూడు రోజులు నీడలో ఆరేసి ఆరేసి తీశాడు. నువ్వెళ్లిపోతున్నావంటగా లింగన్నా, మా గతేం కాను?"

"మల్లికకు కొరియర్ చెయ్యున్రి అమ్మా, నేనే చేసి పంపుత," అన్నాడు లింగన్న. ముగ్గురూ నవ్వారు.

సాయంత్రానికి తొమ్మిది స్టేట్‌మెంట్లయ్యాయి. తిరిగి వస్తూ దారిలో లింగన్న అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఇన్నేండ్ల నుంచి బట్టలు ఇచ్చుడు తెచ్చుడే గని వాళ్ల ఇండ్లల్ల కూసుంటనని అనుకోలే," అన్నాడు. శరణ్య ఇంటికెళ్లాక ఆ కాగితాలన్నీ మళ్లీ చదివింది. తొమ్మిదింట్లోనూ లింగన్న పేరుంది. లాండ్రీ పేరు ఒక్కదాంట్లో ఉంది, అదీ తప్పుగా.

శుక్రవారం సెలవైనా పాండురంగ గారు ఆఫీసుకు వచ్చారు. కాగితాలు ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టారు. చివరిది చదివాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇవి దాఖలు చేస్తే మన వేలితో మన కన్నే పొడుచుకున్నట్టమ్మా. ఆ గుర్తు వ్యాపారానిదని చూపించమంటే, ఓ పనివాడిదని తొమ్మిదిమంది చేత రాయించుకొచ్చావు."

"వాళ్లు చెప్పిందే రాశానండీ. మీరు అదే..."

"తప్పు పట్టట్లేదు. లింగన్న అన్నచోట లాండ్రీ పేరు వెయ్యి, మళ్లీ సంతకాలు తీసుకో. ఆయన చేత కూడా ఓ కాగితం. గుర్తు మొదట్నించీ కంపెనీదే, నాకు ఏ హక్కూ లేదు అని."

"కానీ అది ఆయనదే కదండీ."

"జీతానికి కుట్టింది జీతమిచ్చినవాడిదవుతుంది. లోకంలో ఉన్న పద్ధతే."

"అలాంటప్పుడు ఆయన కాగితం మనకెందుకండీ?"

పాండురంగ గారు కళ్లజోడు పెట్టుకుని, "రేపెవడైనా ఆయన్ని వెనకేసుకొచ్చి అడ్డం తిరిగితే ఈ తొమ్మిది మాటలూ మన మెడకే చుట్టుకుంటాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అన్నారు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నీ వీసా రెన్యువల్ కూడా ఆదివారమే పంపిస్తున్నానమ్మా. ఫొటో ఇచ్చావా?" అని అడిగారు.

బెదిరింపుగా అనలేదు. అలా బెదిరించే మనిషి కాదాయన. నిజంగా ఫొటో కోసమే అడిగి ఉంటారు. అయినా శరణ్య ఆ కాగితాలన్నీ మళ్లీ తన వైపు లాక్కుంది. ఫొటో ఇచ్చానండీ అంది.

శనివారమంతా తిరిగింది, ఈసారి ఒక్కతే. తిరగడానికేం కష్టం లేదు. లింగన్నే అందరికీ ఫోన్లు చేసి పెట్టాడు. "ఏదో తప్పు పోయిందంట, మళ్ల ఒకసారి సంతకం కావాల్నట" అని. అబూ ఖలీల్ కొత్త కాగితం చదవనే లేదు. లింగు చెప్పాడు కదా అని కలం తీశాడు. ప్రమీల గారు మాత్రం చదివింది.

"మొన్న లింగన్న అని రాశాను కదమ్మా?"

"ఫార్మాట్ అండీ. వ్యక్తుల పేర్లుండకూడదట."

"ఆయనకేం ఇబ్బంది లేదుగా?"

"లేదండీ."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ప్రమీల గారి ఇంటి బయట కారులో కూర్చుని శరణ్య కాసేపు స్టీరింగు పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి మొహం తుడుచుకుని మిగతా రెండిళ్లకు వెళ్లింది. ఏడిస్తే పాపం పోతుందనుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, ఆ పిల్ల అలా కూడా అనుకోలేదు. ఆ రాత్రి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చింది. లింగన్నకు ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. సంతకం పెట్టొద్దంటుంది. తర్వాత ఏమైతే అదవుతుంది.

ఆదివారం పొద్దున లాండ్రీలో ముందు గదిలో కొత్త యంత్రం ఒకటి దింపి ఉంది. దానికి బిస్కెట్ డబ్బాలో పట్టేంత ఎర్ర స్టిక్కర్ల చుట్ట, స్టిక్కరుకో త్రికోణం. రామ్‌ప్రసాద్ ఒక తువ్వాలు పెట్టి మీట నొక్కాడు. టప్‌మని అంటుకుంది. "దేఖో మేడం, ఇక ప్రతి బట్టకూ ఇదే. మిషన్‌లో వేసి తీసి, దీని మీద పెట్టి కొట్టడమే. సూదీ లేదు, దారం లేదు," అన్నాడు ఉషారుగా.

వెనక కిటికీ దగ్గర లింగన్న ఎప్పటిలాగే బల్ల మీద వంగి ఉన్నాడు. ముందు గదిలో యంత్రం చప్పుడు ఆయనకు వినబడుతూనే ఉంది, ఒక్కో చప్పుడుకూ కనురెప్ప చిన్నగా అదురుతోంది. శరణ్య డబ్బా మీద కూర్చుని కాగితం తీసింది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు.

"చదువు బిడ్డా."

చదివింది. ఒక్క ముక్క దాచకుండా, తిన్నగా తెలుగులో చెప్పింది. ఈ త్రికోణం గుర్తు మొదటి నుంచీ కంపెనీదే. కంపెనీ చెప్పినందుకే నేను కుట్టాను. ఇది నా గుర్తని ఏనాడూ అనుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. దీని మీద నాకు ఏ హక్కూ లేదు, ఇకముందు అడగను.

లింగన్న సూది పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. సూదిని జాగ్రత్తగా చొక్కా జేబుకు గుచ్చుకున్నాడు.

"అయితే ముద్ర నాకు కాదా?"

"కాదు బాబాయ్. మొదటి రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే." శరణ్య కాగితాన్ని ఒళ్లో బోర్లించింది. "వినండి. మొన్న ఖాతాదారులు రాసిచ్చినవాటిలో అందరూ మీ పేరే చెప్పారు. అవి నా దగ్గరే ఉన్నాయి. మీరు ఈ సంతకం పెట్టకపోతే కంపెనీకి అంత సులభంగా ఇవ్వరు. పెట్టొద్దు."

"పెట్టకపోతే నన్నేం చేస్తరు? నేనెట్లయిన నెలాఖరుకు పోయేటోన్నే. మరి నీకేమైతది?" అన్నాడు.

శరణ్య నోరు తెరిచింది. ఏం కాదండీ అనాలి. ఎన్నిసార్లు ఎంత తేలిగ్గా అబద్ధాలాడింది ఈ నాలుగు రోజుల్లో! చెప్పాల్సిన ఒక్క అబద్ధం మాత్రం బయటికి రాలేదు. తణుకులో అమ్మ, అప్పు చేసి తీసుకున్న ఫ్లాటు, ఫైల్లో ఉన్న తన ఫొటో, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. తల దించుకుంది.

లింగన్న ఆమెనే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కాలరు మీద మరకను చూసినట్టు, ఎంత లోతుందో, ఏం చేస్తే పోతుందో అని చూసినట్టు చూశాడు.

"ఇటియ్యి బిడ్డా."

"వద్దు బాబాయ్."

"ఇటియ్యి అంటున్న గదా."

చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. తడి అంటకుండా కాగితాన్ని మోచేతితో ఆనించి పట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా, పేరు రాశాడు. లింగన్న. చివరి అక్షరం కింద వత్తు సరిగా పడలేదని మళ్లీ దిద్దాడు. కాగితం తిరిగి ఇచ్చాడు. శరణ్య అందుకుంది. వద్దంటూనే అందుకుంది, ఆ సంగతి ఆమెకు ఆ తర్వాత చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆయనకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది శరణ్యకు. తన దగ్గర ఉన్నదొక్కటే, కాస్త చట్టం. "బాబాయ్, ఈ కాగితం ఇక్కడే చెల్లుతుంది. ఇండియాలో దీనితో పని లేదు. మల్లిక దుకాణం బోర్డు మీద మీరు హాయిగా పెట్టుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. నేను రాసిస్తాను కావాలంటే."

లింగన్న తల అడ్డంగా ఊపాడు.

"గట్ల చెయ్యరాదు బిడ్డా. మా పనిల ఒక నేమం ఉంటది. ఒక ఇంటికి ఇచ్చిన గుర్తు ఇంకో ఇంటికి పెట్టం. ఇంట్ల మనుషులు సచ్చిపోయినా, ఊరిడిసి పోయినా, గా గుర్తు గా ఇంటిదే. పెడితే బట్టలు కలుస్తయి. బట్టలు కలిసినంక చాకలోడు ఉండి ఎందుకు?"

"కానీ అది మీరు పుట్టించిన గుర్తు కదా!"

"పుట్టిచ్చిన. ఇప్పుడే ఇచ్చిన గదా." కాగితం వైపు చూపించాడు.

జేబులోంచి ఫోను తీశాడు. మిషన్ల మధ్య ఇన్నేళ్లు పనిచేసి చెవులు కాస్త మందగించాయి, ఫోన్లో మాట స్పీకరు పెట్టుకుంటే గానీ వినబడదు. మల్లిక గొంతు గలగలమంటూ వచ్చింది.

"నాయినా! నేనే చేద్దామనుకుంటున్న. బోర్డు అయిపోయింది. పెయింటర్ గిప్పుడే గీసి పోయిండు, ఎర్ర రంగుల, పెద్దగ. రోడ్డు అవుతలి నుంచి కూడ కనబడుతున్నది. ఫోటో పంపుతున్న చూడు."

"ఫోటో వద్దు గని మల్లికా, పెయింటర్‌ను మళ్ల పిలువు. గా గుర్తు తుడిపియ్యి. ఉత్త పేరు ఉంచు."

"ఎందుకు నాయినా? నువ్వే గదా చెప్పినవు! మంచిగ రాలేదని చూడకుండనే అంటవేంది?"

ముందు గదిలో యంత్రం టప్‌మని ఇంకో స్టిక్కరు కొట్టింది. లింగన్న ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మంచిగనే ఉంటది బిడ్డా. గని అది వేరేటోళ్ల ఇంటి గుర్తు."